చప్పుడు లేని పనివాడు ఎన్‌గోలో కాంతే

ఫుట్‌బాల్ చూసేవారి కళ్లు ఎప్పుడూ బంతి వెంటే పరుగెడతాయి. బంతి గోల్‌లో పడితే కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. పడకుండా ఆపిన గోల్‌కీపర్‌కూ కొంత పేరు దక్కుతుంది. ఈ ఇద్దరికీ మధ్య, మైదానం నడిబొడ్డున, తొంభై నిమిషాలూ పరుగెత్తే మనిషి ఒకడుంటాడు. ప్రత్యర్థి కాళ్ల దగ్గరి నుంచి బంతి లాక్కుంటాడు, తనవారికి అందిస్తాడు, మళ్లీ లాక్కోవడానికి బయల్దేరతాడు. అతడే మిడ్‌ఫీల్డర్. ఆట ముగిశాక అతడు ఏం చేశాడో చెప్పమంటే చాలామంది చెప్పలేరు. అతడు లేని రోజున మాత్రం జట్టు ఎందుకు ఓడిపోయిందో అందరికీ తెలిసిపోతుంది.

ఈ కనిపించని పనిలో మన కాలపు మేటి ఎవరంటే ఫుట్‌బాల్ తెలిసినవారు చెప్పే మొదటి కొద్ది పేర్లలో ఒకటి ఎన్‌గోలో కాంతే. ఫ్రాన్స్ దేశపు ముస్లిం ఆటగాడు. ఎత్తు 1.68 మీటర్లు. ఇంగ్లండ్ లీగ్ టైటిల్ రెండుసార్లు, యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ ఛాంపియన్స్ లీగ్ ఒకసారి, ఇంగ్లండ్‌లోని ఎఫ్.ఏ. కప్పు, యూరోపా లీగ్, అన్నిటినీ మించి 2018 ప్రపంచ కప్పు గెలిచిన జట్లలో అతడున్నాడు. ఇన్ని కప్పులు గెలిచిన మనిషి చుట్టూ ఇంత తక్కువ ఆర్భాటం ఉండటం ఆటల లోకంలో అరుదు.

మన ఇళ్లలో ఆటమీద మనసుపడ్డ పిల్లలున్నారు. వారి గురించి బెంగపడే తల్లిదండ్రులున్నారు. ఆటల్లో పడితే చదువు పోతుందని ఒక భయం, డబ్బూ పేరూ వస్తే దీన్ పోతుందని ఇంకో భయం. ఈ రెండు భయాలకూ కాంతే జీవితం ఇచ్చే జవాబు వినదగ్గది.

శివారు పట్టణపు పిల్లవాడు

కాంతే 1991 మార్చి 29న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ ఫ్రాన్స్ చేరినవారు. మాలి జనాభాలో అత్యధికులు ముస్లింలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన బంబారా రాజు ఎన్‌గోలో దియారా పేరే ఈ పిల్లవాడికి పెట్టారు. చిన్నతనంలో బానిసగా పంపబడి, పెద్దయ్యాక సింహాసనం ఎక్కిన రాజుగా ఆయన పేరు మాలి చరిత్రలో నిలిచింది.

పారిస్‌కు పడమటి వైపున్న రుయెయ్ మాల్‌మెజాన్ అనే శివారు పట్టణంలో కుటుంబం ఉండేది. కాంతేకు పదకొండేళ్లప్పుడు తండ్రి కన్నుమూశాడు. యతీములైన పిల్లలను తల్లి శుభ్రం చేసే పనికి వెళ్లి సాకింది. వలస వచ్చిన కుటుంబం, ఇంటి నిండా పిల్లలు, ఒక్కరి సంపాదన. ఈ పరిస్థితి ఎలా ఉంటుందో మన పాఠకుల్లో చాలామందికి వివరించి చెప్పనక్కర్లేదు.

1998లో ఫ్రాన్స్ తన గడ్డమీదే మొదటిసారి ప్రపంచ కప్పు గెలిచింది. అల్జీరియా మూలాలున్న జినదిన్ జిదాన్ ఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టాడు. వలస కుటుంబాల పిల్లలు ఎక్కడ చూసినా బంతి పట్టుకుని కనిపించిన రోజులవి. అప్పటికి కాంతేకు ఏడేళ్లు. ఆ తర్వాత కొద్దికాలానికే పక్కనున్న సురేన్ పట్టణంలోని చిన్న క్లబ్‌లో చేరాడు. దాదాపు పదేళ్లు అక్కడే ఆడాడు.

ఫ్రాన్స్‌లో ప్రతిభ ఉన్న పిల్లలను పెద్ద క్లబ్బుల అకాడమీలు పదమూడు, పద్నాలుగేళ్లకే ఏరుకుంటాయి. వసతి, చదువు, శిక్షణ అన్నీ అవే చూసుకుంటాయి. కాంతేను ఏ పెద్ద అకాడమీ తీసుకోలేదు. పిల్లవాడు మరీ పొట్టిగా ఉన్నాడు, బక్కగా ఉన్నాడు అన్నారు. తోటివారు ఒక్కొక్కరే ముందుకు పోతుంటే అతడు సురేన్‌లోనే ఉండిపోయాడు. కోపగించుకోలేదు, ఆట మానలేదు.

పందొమ్మిదేళ్లకు తెరుచుకున్న తలుపు

2010లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఉత్తర ఫ్రాన్స్ సముద్ర తీరంలోని బులోన్ క్లబ్ అతడిని తీసుకుంది. అదీ అసలు జట్టులోకి కాదు, రిజర్వ్ జట్టులోకి. రెండేళ్లు రిజర్వ్‌లోనే గడిచాయి. సాధనకు కాలితో తోసుకుంటూ నడిపే చిన్న స్కూటర్ మీద వచ్చేవాడని అప్పటివారు చెబుతారు. కారు కొనే స్తోమత లేదు, దానికి సిగ్గూ లేదు.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఫుట్‌బాల్ అన్నం పెడుతుందో లేదో తెలియని ఆ రోజుల్లో కాంతే చదువు వదల్లేదు. అకౌంటెన్సీలో డిప్లొమా పూర్తిచేశాడు. బంతి మోసం చేస్తే లెక్కల పుస్తకమైనా చేతిలో ఉంటుందన్న ముందుచూపు అది. అల్లాహ్ మీద భరోసా ఉంచడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదని, చేయగలిగినదంతా చేశాకే తవక్కుల్ అని పెద్దలు చెప్పే మాటకు ఇదొక ఉదాహరణ.

2012 మే 18న, ఇరవై ఒకటో ఏట, బులోన్ అసలు జట్టు తరఫున రెండో డివిజన్ మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో మైదానంలోకి దిగాడు. ఆ సీజన్‌తోనే క్లబ్ మూడో డివిజన్‌కు పడిపోయింది. ఇంకొకరైతే తన నసీబు ఇంతేననుకునేవారు. కాంతే మూడో డివిజన్‌లో 37 మ్యాచ్‌లు ఆడాడు. అది చూసి 2013లో రెండో డివిజన్‌లోని కాన్ క్లబ్ పిలిచింది. అక్కడ మొదటి సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌లకు 38 ఆడాడు. కాన్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. మరుసటి ఏడాది ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్ల కాళ్ల దగ్గరి నుంచి బంతులు లాక్కుంటూ కనిపించాడు.

మూడేళ్లలో మూడు మెట్లు. ఏ మెట్టూ ఎగిరి దూకలేదు, ఒక్కొక్కటే ఎక్కాడు.

లీస్టర్ అద్భుతం

2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లీస్టర్ సిటీ క్లబ్ అతడిని కొన్నది. పత్రికల లెక్క ప్రకారం రుసుము 56 లక్షల పౌండ్లు. ఆ లీగ్‌లో అది చిన్న మొత్తం. ఆటగాళ్లను వెతికిపెట్టే స్టీవ్ వాల్ష్ ఈ కుర్రవాడినే తీసుకోవాలని పట్టుబట్టాడు. కోచ్ క్లాడియో రనియేరికి మొదట అనుమానమే. ఇంత చిన్న మనిషి ఇంగ్లండ్ ఆటలోని మోటుదనాన్ని తట్టుకుంటాడా అని.

అంతకు ముందు సీజన్‌లో లీస్టర్ కింది డివిజన్‌కు పడిపోకుండా చివర్లో తప్పించుకుని 14వ స్థానంలో నిలిచింది. కొత్త సీజన్‌లో ఆ జట్టు టైటిల్ గెలుస్తుందంటే నమ్మినవారు లేరు. పందేలు మనకు నిషిద్ధమే, కానీ లోకం అంచనా తెలియడానికి ఈ లెక్క చెప్పుకోవాలి. పందేలు నడిపే కంపెనీలు లీస్టర్ గెలుపుకు ఒకటికి ఐదువేలు ఇస్తామన్నాయి. అంటే జరగదని తేల్చేశాయి.

2016 మే 2న అదే జరిగింది. లీస్టర్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. రెండో స్థానంలోని ఆర్సెనల్ కంటే పది పాయింట్లు ఎక్కువ. ఆ జట్టులో అల్జీరియా ముస్లిం ఆటగాడు రియాద్ మహ్రెజ్ గోల్స్ కొట్టి, కొట్టించి ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. జేమీ వార్డీ గోల్స్ వర్షం కురిపించాడు. వీరిద్దరికీ బంతి అందడానికి ముందు ఎవరో ఒకరు దాన్ని ప్రత్యర్థి నుంచి తేవాలి కదా. ఆ పని కాంతేది. 37 మ్యాచ్‌ల్లో అతడు కొట్టిన గోల్ ఒక్కటే. ప్రత్యర్థుల కాళ్ల దగ్గర బంతిని తన్ని వదిలించిన ట్యాకిల్స్ మాత్రం 175. దారి మధ్యలో అడ్డుకున్న పాస్‌లు 156. రెండింటిలోనూ లీగ్ మొత్తంలో అతడే మొదటివాడు.

ఈ అంకెల వెనుక కిటుకేమిటి? పరుగు ఒక్కటే అయితే అతడికంటే వేగంగా పరుగెత్తేవారు ఎందరో ఉన్నారు. కాంతే బంతిని కాకుండా ముందుగా మనిషిని చదువుతాడు. పాస్ ఇవ్వబోయేవాడి భుజం ఎటు తిరిగింది, కన్ను ఎక్కడుంది, అందుకోవలసినవాడు ఎక్కడున్నాడు అన్నది చూసి, బంతి కదలకముందే ఆ దారిలోకి రెండడుగులు వేస్తాడు. పొట్టితనం ఇక్కడ వరమైంది. ఒళ్లు నేలకు దగ్గరగా ఉండటం వల్ల చప్పున తిరగగలడు, పడినా వెంటనే లేవగలడు. బంతి దొరికాక దానితో విన్యాసాలు చేయడు. పక్కనున్నవాడికి ఇచ్చేసి మళ్లీ తన చోటికి పోతాడు. ఏ పిల్లవాడైనా పొట్టివాడని పక్కన పెట్టబడితే, ఆ లోపాన్నే పనిముట్టు చేసుకున్నవాడు ఒకడున్నాడని చెప్పవచ్చు.

రెండేళ్లు, రెండు క్లబ్బులు, రెండు టైటిళ్లు

2016 జూలైలో లండన్‌లోని చెల్సీ క్లబ్ దాదాపు 3 కోట్ల 20 లక్షల పౌండ్లు చెల్లించి అతడిని తీసుకుంది. అంతకు ముందు సీజన్‌లో చెల్సీ పదో స్థానంలో ఉంది. కాంతే చేరిన ఏడాదే, కోచ్ ఆంటోనియో కాంటే శిక్షణలో, 93 పాయింట్లతో ఛాంపియన్ అయింది. ఇంగ్లండ్‌లో వరుసగా రెండేళ్లు రెండు వేర్వేరు క్లబ్బులతో టైటిల్ గెలవడం గోల్‌కీపర్లను మినహాయిస్తే 1992, 1993లలో ఎరిక్ కంటోనా తర్వాత కాంతేకే సాధ్యమైంది. తోటి ఆటగాళ్లు ఓటువేసి ఎన్నుకునే మేటి ఆటగాడి బహుమతి, ఫుట్‌బాల్ విలేఖరులు ఇచ్చే బహుమతి, రెండూ ఆ ఏడాది అతడికే వచ్చాయి. గోల్స్ కొట్టని మనిషికి ఈ బహుమతులు రావడం అరుదు.

2018లో కొత్త కోచ్ మౌరిజియో సారీ వచ్చాక జట్టు అమరిక మార్చాడు. మైదానం నడుమ కాంతే ఉండే చోట జోర్జినోను నిలిపి, కాంతేను కుడివైపుకు, ముందుకు జరిపాడు. ప్రపంచంలోనే ఆ పని బాగా చేసేవాడిని ఆ పని నుంచి తీసేయడమేమిటని పత్రికలు నెలల తరబడి రాశాయి. కాంతే ఒక్క ఫిర్యాదు కూడా బహిరంగంగా చేయలేదు. కొత్త చోట ఆడటం నేర్చుకున్నాడు. ఆ సీజన్ చివర చెల్సీ యూరోపా లీగ్ గెలిచింది.

అయితే అతడిని నోరులేనివాడిగా భావించడం పొరపాటు. 2020 మేలో కోవిడ్ కల్లోలం మధ్య సాధన తిరిగి మొదలైనప్పుడు ఆరోగ్యం గురించి భయంగా ఉందని, కొన్నాళ్లు ఇంటి దగ్గరే సాధన చేస్తానని చెప్పాడు. అంతకు రెండేళ్ల ముందే అతడి సోదరుడు గుండెపోటుతో మరణించాడు. క్లబ్ అతడి మాట మన్నించింది. అవసరమైన చోట కాదనడం కూడా అతడికి తెలుసు.

మామూలు జీతం చాలు

ఫుట్‌బాల్‌లో పెద్ద ఆటగాళ్లకు జీతం ఒక్కటే ఆదాయం కాదు. వారి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము వేరే ఉంటుంది. దాన్ని పన్నులు తక్కువగా ఉండే చోట్ల పెట్టిన కంపెనీల ద్వారా తీసుకోవడం ఆ రంగంలో చాలామంది పాటించిన పద్ధతి. 2018లో ఫుట్‌బాల్ లీక్స్ పేరిట బయటపడ్డ పత్రాల ఆధారంగా యూరప్ పత్రికలు కాంతే గురించి ఒక కథనం రాశాయి. జెర్సీ దీవిలోని కంపెనీ ద్వారా కొంత సొమ్ము తీసుకునే ఏర్పాటు అతడి ముందుకు వచ్చిందని, అతడు వద్దన్నాడని, తనకు మామూలు జీతం చాలని సలహాదారు ద్వారా చెప్పించాడని ఆ కథనం సారాంశం. ఆ రోజుల్లో పన్ను కేసుల్లో ఇరుక్కుని కోర్టుల చుట్టూ తిరిగిన మేటి ఆటగాళ్లు కొందరున్నారు. వారి మధ్య ఈ వార్త ప్రత్యేకంగా కనిపించింది.

హలాల్ సంపాదన అంటే మనలో చాలామంది ఏ వ్యాపారం, ఏ ఉద్యోగం అన్నంత వరకే ఆలోచిస్తాం. వచ్చిన సొమ్ములో ఇతరులకు చెందవలసిన వాటా ఇచ్చామా లేదా అన్నది కూడా అందులో భాగమే. పన్ను ఎగ్గొట్టడం తెలివితేటలుగా చలామణి అవుతున్న కాలంలో కోట్లు సంపాదించే ఒక యువకుడు ఈ విషయంలో గీత దాటలేదంటే అది ప్రపంచ కప్పుకు తీసిపోని విజయం.

ఖర్చులోనూ అదే తీరు. చెల్సీలో తోటివారు లక్షల పౌండ్ల కార్లలో వస్తుంటే కాంతే లీస్టర్ రోజుల్లో కొన్న చిన్న మినీ కూపర్‌లోనే ఏళ్ల తరబడి తిరిగాడు. అదేదో వ్రతంలాగా ప్రచారం చేసుకోలేదు. నడుస్తున్న కారును మార్చడం ఎందుకన్నట్టుగా ఉండేవాడు.

రైలు తప్పిన రాత్రి

2018 సెప్టెంబర్ 15న లండన్‌లో చెల్సీ మ్యాచ్ ముగిశాక కాంతే పారిస్ వెళ్లవలసి ఉంది. రైలు తప్పిపోయింది. ప్రపంచ కప్పు గెలిచి రెండు నెలలే అయిన మనిషి పెద్ద హోటల్‌కు వెళ్లలేదు, స్టేషన్ దగ్గర్లోని మస్జిద్‌కు నమాజుకు వెళ్లాడు. అక్కడ కొందరు యువకులు గుర్తుపట్టి సలాం చెప్పారు. వారిలో ఒకరు మా ఇంటికి భోజనానికి రండి అని మర్యాదకు పిలిచాడు. కాంతే సరేనన్నాడు. ఆ ఇంటికి వెళ్లి వారితో కలిసి కూర తిన్నాడు, వీడియో గేమ్ ఆడాడు, ఆనాటి మ్యాచ్‌ల విశేషాలు టీవీలో చూశాడు. ఫొటోలు బయటకు వచ్చాకే లోకానికి తెలిసింది.

ఇది చిన్న సంగతే. కానీ నమాజులో రాజూ కూలీ భుజం భుజం కలిపి నిలబడాలని మనం ప్రతి జుమాకూ వింటాం. సలాం తిప్పి మస్జిద్ గడప దాటాక ఎవరి హోదా వారు మళ్లీ తొడుక్కుంటాం. ఆ రాత్రి కాంతే గడప దాటాక కూడా దాన్ని తొడుక్కోలేదు.

ఫ్రాన్స్ జట్టులో

క్లబ్ ఆటకు సమాంతరంగా దేశపు జట్టు కథ నడిచింది. 2015లో మాలి దేశం ఆఫ్రికా కప్పుకు తమ తరఫున ఆడమని అడిగింది. తల్లిదండ్రుల దేశం అది. పుట్టి పెరిగింది ఫ్రాన్స్. కాంతే అప్పటికి మాలి పిలుపును అంగీకరించలేదు. వలస కుటుంబాల పిల్లలు ఇలాంటి ఎంపిక ఎదుర్కోవడం యూరప్‌లో మామూలే, ఎటు నిర్ణయించినా బాధపడేవారు ఉంటారు.

2016 మార్చి 25న నెదర్లాండ్స్ మీద ఫ్రాన్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. నాలుగు రోజులకు, తన 25వ పుట్టినరోజున, రష్యా మీద మొదటి గోల్ కొట్టాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన యూరో పోటీలో జట్టు ఫైనల్ చేరింది. ఫైనల్‌లో కోచ్ దిదియే దెషాం అతడిని దింపలేదు. సొంతగడ్డ మీద పోర్చుగల్ చేతిలో జట్టు ఓడిపోతుంటే బెంచీ మీద కూర్చుని చూశాడు.

ఈ దెషాం గురించి ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆటగాడిగా ఆయనా ఇదే తరహా మిడ్‌ఫీల్డర్. ఆయన నీళ్లు మోసేవాడు మాత్రమేనని కంటోనా ఒకప్పుడు ఎగతాళి చేశాడు. ఆ నీళ్లు మోసేవాడే 1998లో కెప్టెన్‌గా ప్రపంచ కప్పు అందుకున్నాడు. దాహంతో ఉన్నవాడికి నీళ్లు అందించడం ఎంత సవాబో తెలిసిన మనకు ఆ మాట తిట్టులా వినిపించదు. ఆ పని విలువ తెలిసిన కోచ్ 2018లో కాంతేను రష్యాకు తీసుకెళ్లి ఏడు మ్యాచ్‌ల్లోనూ మొదటి పదకొండు మందిలో నిలిపాడు.

జూన్ 30న కజాన్‌లో అర్జెంటీనాతో మ్యాచ్. లియోనెల్ మెస్సీకి బంతి అందకుండా చూడటంలో కాంతేది పెద్ద పాత్ర. ఫ్రాన్స్ 4-3తో గెలిచింది. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే కాపలాను అతడు ఒక్కడే చేశాడని పత్రికలు మెచ్చుకున్నాయి. జూలై 15న మాస్కోలో క్రొయేషియాతో ఫైనల్. ఆ రోజు కాంతే ఆట అతడి స్థాయిలో లేదు. యెల్లో కార్డు పడింది. 55వ నిమిషంలో కోచ్ బయటకు పిలిచాడు. కడుపు నొప్పితో, జబ్బుగా ఉండి కూడా ఆడాడని తర్వాత సహచరులు చెప్పారు. ఫ్రాన్స్ 4-2తో గెలిచింది.

కప్పు చేతులు మారుతోంది. ప్రతి ఒక్కరూ ఎత్తి ముద్దుపెట్టుకుంటున్నారు. కాంతే పక్కన నిలబడి ఉన్నాడు. అడగడానికి మొహమాటం. అది గమనించి అతడి స్థానంలో ఆడిన స్టీవెన్ ఎన్‌జోంజీ, అతడికీ ఇవ్వండని తోటివారికి చెప్పాడు. అప్పుడు పట్టుకున్నాడు. తర్వాత సహచరులు, అభిమానులు అతడి మీద పాట కట్టి స్టేడియంలో పాడారు.

రంజాన్ నెలలో ఫుట్‌బాల్

ముస్లిం ఆటగాళ్లు పెరిగేకొద్దీ యూరప్ క్లబ్బులకు రంజాన్ ఒక కొత్త ప్రశ్న అయింది. రోజా ఉన్న మనిషి సాయంత్రం మ్యాచ్‌లో ఇఫ్తార్ ఎప్పుడు చేయాలి? 2021 ఏప్రిల్ 26న కాంతే పాత క్లబ్ లీస్టర్, క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుతోంది. మగ్రిబ్ వేళ అయింది. ప్యాలెస్ గోల్‌కీపర్ గోల్‌కిక్ కొట్టకుండా కొద్దిసేపు ఆగాడు. రెండు జట్లలోని ముస్లిం ఆటగాళ్లు వెస్లీ ఫొఫానా, షేకు కుయాతే మైదానం అంచుకు వెళ్లి రోజా విప్పారు. మళ్లీ ఆట మొదలైంది. జరిగింది అరనిమిషం పని. ఎవరికీ నష్టం లేదు. 2023 మార్చిలో ఇలాంటి విరామాలకు వీలు కల్పించాలని ఇంగ్లండ్ రిఫరీలకు సూచనలు వెళ్లాయి.

అదే నెలలో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఆదేశం ఇచ్చింది. రోజా విప్పడం కోసం మ్యాచ్‌లు ఆపరాదని రిఫరీలకు తెలిపింది. మత విషయాలను ప్రజాజీవితానికి దూరంగా ఉంచాలన్నది ఆ దేశపు విధానం. ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ముస్లిం కుటుంబాల బిడ్డలు అంతమంది ఉన్నా ఈ విషయంలో అక్కడి వ్యవస్థ సడలలేదు. కాంతే ఈ రెండు దేశాల మధ్యే ఎదిగాడు. ఉపన్యాసాలు ఇవ్వలేదు, వాదనలకు దిగలేదు. వేళకు మస్జిద్ వెతుక్కున్నాడు, వేళకు మైదానం చేరాడు.

ఆ 2021 రంజాన్ నెలలోనే ఏప్రిల్ 27న, మే 5న ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో చెల్సీ రియల్ మాడ్రిడ్‌ను ఎదుర్కొంది. రెండు మ్యాచ్‌ల్లోనూ మేటి ఆటగాడు కాంతే. ఈద్ అయ్యాక మే 29న పోర్టోలో ఫైనల్. మాంచెస్టర్ సిటీ మీద చెల్సీ 1-0తో గెలిచింది. అందులోనూ మేటి ఆటగాడు కాంతేనే. గోల్ కొట్టింది కాయ్ హావర్ట్జ్. ప్రపంచ మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ ఎంపికలో ఆ ఏడాది కాంతే ఐదో స్థానంలో నిలిచాడు.

గాయాలు, జిద్దా, మళ్లీ పిలుపు

పదేళ్లపాటు పరుగే పనిగా పెట్టుకున్న ఒంటికి గాయాలు తప్పలేదు. 2022 ఆగస్టులో తొడ వెనుక కండరం దెబ్బతింది. అక్టోబర్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది ఖతర్‌లో, ముస్లిం దేశంలో మొదటిసారి జరిగిన ప్రపంచ కప్పులో అతడు ఆడలేకపోయాడు. ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది.

2023లో 269 మ్యాచ్‌ల తర్వాత చెల్సీని వదిలి సౌదీ అరేబియాలోని జిద్దా నగరపు అల్ ఇత్తిహాద్ క్లబ్‌లో చేరాడు. డబ్బు కోసం వెళ్లాడు, ఇక పెద్ద ఆట ముగిసిందని చాలామంది తీర్పు చెప్పేశారు. జీతం పెద్దదే, అది దాచవలసిన విషయం కాదు. అయితే తీర్పు తప్పింది. దాదాపు రెండేళ్ల విరామం తర్వాత 2024లో దెషాం అతడిని మళ్లీ పిలిచాడు. జర్మనీలో జరిగిన యూరో పోటీలో, 33 ఏళ్ల వయసులో, ఆస్ట్రియా మీద, నెదర్లాండ్స్ మీద వరుసగా రెండు మ్యాచ్‌ల్లో మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఫ్రాన్స్ సెమీఫైనల్ చేరింది. 2024-25 సీజన్‌లో అల్ ఇత్తిహాద్ సౌదీ లీగ్, కింగ్స్ కప్పు రెండూ గెలిచింది.

మనకు మిగిలేది

ఈ జీవితాన్ని వయసులవారీగా ఒకసారి చూద్దాం. పద్నాలుగేళ్లకు ఏ అకాడమీ వద్దంది. పందొమ్మిదేళ్లకు రిజర్వ్ జట్టు. ఇరవై ఒకటికి తొలి మ్యాచ్. ఇరవై నాలుగుకు ఇంగ్లండ్, దేశపు జట్టు. ఇరవై ఏడుకు ప్రపంచ కప్పు. మన దగ్గర పదహారేళ్లకే పిల్లవాడి మీద పనికొస్తాడు, పనికిరాడు అని ముద్ర వేసేస్తాం. సబ్ర్ గురించి ఎంతో మాట్లాడే మనం పిల్లల విషయంలో అది ఎందుకు చూపలేకపోతున్నామో ఆలోచించాలి.

ప్రతి పిల్లవాడూ కాంతే కాలేడు. వేలమందిలో ఒకరికి మాత్రమే ఆట జీవనోపాధి అవుతుంది. అందుకే అతడు చేతిలో ఉంచుకున్న డిప్లొమాను మరచిపోకూడదు. ఆడుకోనివ్వండి, చదువు సాగనివ్వండి. రెంటిలో ఒకటే ఎంచుకోమని పన్నెండేళ్ల పిల్లవాడిని నిలదీయకండి. పిల్లలూ ఒక మాట గుర్తుంచుకోవాలి. మైదానంలో గోల్ కొట్టేవాడు ఒకడే. వాడికి బంతి తెచ్చిచ్చేవారు పదిమంది కావాలి. ఇంట్లో, బడిలో, మహల్లాలో కూడా అంతే. తెచ్చిచ్చేవారి పని ఎవరూ చూడలేదని బాధపడనక్కర్లేదు. చూసేవాడు చూస్తూనే ఉన్నాడు.